కారు కంటికి ఆనని బండి: రహదారి భద్రతపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ద్విచక్ర వాహనదారులూ, కారు నడిపేవారూ ఒకే రోడ్డు మీద క్షేమంగా సాగడం గురించి మీరు అడిగే ప్రశ్నలకు రహదారి భద్రతా శిక్షకులు సమాధానమిస్తారు. మొదటి కాల్ సూర్యాపేట నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. ఉద్యోగం కోసం నేను రోజూ 65వ నంబరు జాతీయ రహదారి మీద బండిపై వెళ్తాను. పోయిన వారం డివైడర్ ఖాళీ దగ్గర ఎదుటి వైపు కారు ఒకటి నాకు అడ్డంగా తిరిగింది. నేను గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రం జారింది, త్రుటిలో బయటపడ్డాను. ఆ డ్రైవరు నా వైపే చూశారు సార్. చూసి కూడా ఎలా వచ్చారు?

శిక్షకులు: మీకు దెబ్బ తగలలేదు, అదే పదివేలు. ఆయన చూపు మీ వైపు తిరిగింది కానీ, మీరు ఆయన కంటికి ఆనలేదు. రోడ్డు దాటబోయే డ్రైవరు లారీల కోసం, బస్సుల కోసం, కార్ల కోసం వెతుకుతారు. సన్నగా, ఒకే హెడ్‌లైటుతో వచ్చే బండి నిజంగా దగ్గరపడుతున్నా, ఇంకా దూరంలోనే ఉన్నట్టు, నెమ్మదిగానే వస్తున్నట్టు భ్రమ కలుగుతుంది. పైగా కారు ముందు అద్దానికీ తలుపుకూ నడుమ ఉండే నిలువు కమ్మీ చాటున బండి, మనిషి మొత్తం మరుగైపోవచ్చు. ఇంజిను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు కొత్త బండ్లకు 2017 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. మీది అంతకంటే పాతదైతే పగలు కూడా మీరే లైటు వేసుకోండి.

శ్రోత: మరి అలాంటి చోట నేనేం చేయాలండీ?

శిక్షకులు: గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, మీరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు అందుకునేలోపే ఆ దూరం అయిపోతుంది. అందువల్ల డివైడర్ ఖాళీ కనిపించగానే వేగం తగ్గించి, వేళ్లు ముందు బ్రేకు మీద సిద్ధంగా ఉంచుకోండి. డ్రైవరు ముఖం కంటే కారు ముందు చక్రాన్ని గమనించండి, అది కదిలితే కారు కదిలినట్టే. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కనుక వెనక బ్రేకునే నమ్ముకుంటే చక్రం జారుతుంది. ముందు బ్రేకును ఒక్కసారిగా కాకుండా క్రమంగా బిగిస్తూ రెండూ కలిపి వాడండి. ఖాళీ మైదానంలో దీన్ని సాధన చేయాలి, ఆపద వచ్చిన క్షణంలో కొత్తగా నేర్చుకోలేము.

వ్యాఖ్యాత: తరువాత కూకట్‌పల్లి నుంచి ఒక సోదరి.

శ్రోత: నమస్కారమండీ, నేను కారు నడుపుతాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక సీట్లో ఉన్న మా నాన్నగారు ఎడమ తలుపు తీశారు. పక్క నుంచి వస్తున్న డెలివరీ అబ్బాయి తగిలి పడిపోయాడు, మోచేయి గీసుకుపోయింది. తప్పు మాదే.

శిక్షకులు: తప్పు ఒప్పుకున్నారు, సంతోషమమ్మా. ఎడమ పక్క కూర్చున్నవారు కుడి చేత్తో తలుపు తీస్తే ఒళ్లు దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వచ్చే బండి కనిపిస్తుంది. డ్రైవరు సీటులో మీరైతే ఎడమ చేయి వాడాలి. నాన్నగారిని సిగ్నల్ దగ్గర దించకుండా, రోడ్డు అంచుకు ఆనించి ఆపాకే దించండి. వెనక తలుపుకు చైల్డ్ లాక్ వేసి ఉంచితే లోపలి నుంచి తెరుచుకోదు, మీరే దిగి, వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని బయటి నుంచి తీయవచ్చు.