త్సుమాగో: రైలు రాని మజిలీ ఊరు

శ్రోతలకు నమస్కారం.

జపాన్‌ను షోగన్‌లనే సైనిక పాలకులు ఏలిన కాలంలో ఎడో నుంచి, అంటే ఇప్పటి టోక్యో నుంచి, క్యోటోకు రెండు పెద్ద బాటలుండేవి. ఒకటి సముద్రతీరం వెంట, రెండోది కొండల్లోంచి. ఆ కొండదారి పేరు నకసెందో. పొడవు సుమారు 530 కిలోమీటర్లు, మజిలీలు 69. అందులో 42వది త్సుమాగో.

ఊరు నగానో ప్రాంతంలోని కిసో లోయలో ఉంది. లోయ ఇరుకు, వరికి చోటు తక్కువ. చుట్టూ ఉన్న అడవేమో ఓవరి ప్రభువులది. హినోకి అనే విలువైన కలప చెట్టుతో కలిపి ఐదు జాతుల చెట్ల మీద గొడ్డలి వేయకూడదు. ‘చెట్టుకో తల’ అని జనం చెప్పుకునేవారంటే శిక్ష ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఇక బతుకుతెరువంతా బాట మీదే. అదీ తేలిగ్గా వచ్చేది కాదు. అధికారుల సామాను తర్వాతి మజిలీకి చేర్చడానికి కిసోలో ప్రతి మజిలీ 25 మంది మనుషుల్ని, 25 గుర్రాల్ని సిద్ధంగా ఉంచాలి. పెద్ద పరివారం వస్తే అవి చాలవు, చుట్టుపక్కల పల్లెలవాళ్లను పనిలోకి లాగేవారు. కూలి ఇచ్చేవారు గానీ, వెట్టికీ దానికీ పెద్ద తేడా లేదు. 1861లో చక్రవర్తి చెల్లెలు కజునోమియా షోగన్‌ను పెళ్లాడటానికి వేలమంది పరివారంతో ఈ దారినే వెళ్లింది.

ఇళ్ల కప్పులు చూడదగ్గవి. చెక్క పలకలు పరిచి, అడ్డబద్దలు వేసి, వాటి మీద రాళ్లు పెట్టేవారు. మేకులు ఖరీదు మరి. వాలు ఎక్కువైతే రాళ్లు జారతాయి కాబట్టి కప్పు దాదాపు చదునుగానే ఉంటుంది. పలక ఎండకు వంగితే రాయి తీసి, తిరగేసి మళ్లీ పరుస్తారు.

షోగన్‌ల పాలన పోయాక వచ్చిన మెయిజీ కాలంలో చెట్లు నరకకూడదన్న నిషేధం పోయింది. 1877లో ఒక పెద్ద విడిది ఇంటిని పూర్తిగా హినోకితోనే కట్టుకున్నారు. అంతలో రైలుమార్గం కిసో నది వెంట వెళ్లిపోయింది, 1911లో పూర్తయింది. బాట మీద నడిచేవాళ్లు లేరు. కొత్త ఇళ్లు కట్టే డబ్బు లేక పాతవే మిగిలాయి.

1968లో మరమ్మతులు మొదలయ్యాయి. 1971లో ఊరివాళ్లు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు: అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, కూల్చొద్దు. 1976లో ప్రభుత్వ రక్షణ దక్కింది. కరెంటు తీగలు వీధిలో కనిపించవు, పగటిపూట కార్లు రానివ్వరు.

పక్క మజిలీ మగోమే సుమారు 8 కిలోమీటర్లు. మధ్యలో కనుమ దాటాలి. మగోమే ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ బయల్దేరి త్సుమాగో వైపు నడిస్తే ఎక్కుడు తక్కువ. దారిలో గంటలు కట్టి ఉంటాయి. ఎలుగుబంట్లు దూరంగా పోవడానికి వాటిని మోగిస్తూ వెళ్లాలి.