పాత పికప్‌ని దూర ప్రయాణానికి సిద్ధం చేద్దాం: ముందు బండి, తర్వాత సామాను

నమస్కారం అండి. ఇదిగో, ఈ పాత డబుల్ క్యాబ్ పికప్‌ని రోడ్డు సరిగా లేని చోట్ల రోజుల తరబడి తిరగడానికి ఎలా సిద్ధం చేసుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. పాత బండి చేతికి రాగానే చాలామంది రూఫ్ టెంటు, లైట్లు, వించ్ (దిగబడిన బండిని తాడుతో లాగే మోటారు) వెతకడం మొదలుపెడతారు. వాటి సంగతి తర్వాత చూద్దాం. పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన బండికి అసలు పనంతా కిందే ఉంటుంది, అందుకే మనం కూడా కిందికే వెళ్దాం.

కెమెరా దగ్గరికి తెస్తున్నాను. వెనక కమాన్ కట్ట, అంటే బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగు, ఛాసిస్‌కి (బండి కింది ఇనుప చట్రానికి) తగులుకునే చోటు ఇది. బురద వచ్చి ఈ సందులో ఇరుక్కుంటుంది, తొందరగా ఆరదు, తుప్పు లోపలి నుంచి తినేస్తూ పోతుంది. పైన పెయింట్ మాత్రం బాగానే కనిపిస్తుంది, కాబట్టి కంటితో చూసి వదిలేయకండి. చిన్న సుత్తితో ఇలా తడుతూ రండి. ఖంగుమని మోగిందా, ఇనుము గట్టిగా ఉన్నట్టు. చప్పుడు మందంగా వచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి, అది లోపలికి దిగితే మిగతావన్నీ ఆపి ముందు వెల్డింగ్ పని చూసుకోవాలి. ఛాసిస్ వెంబడి వెళ్లే బ్రేక్ పైపుల్ని కూడా ఇదే సమయంలో గుడ్డతో తుడిచి చూడండి, తుప్పు పొక్కులు కనిపిస్తే మార్చేయడమే.

తర్వాత కూలింగ్. బరువేసుకుని, లో గేరులో, నెమ్మదిగా ఎత్తు ఎక్కేటప్పుడు ఎదురుగాలి ఉండదు, రేడియేటర్‌ని చల్లబరిచే పనంతా ఫ్యాన్ మీదే పడుతుంది. మీ బండిలో బెల్టుతో తిరుగుతూ, వేడెక్కితే పట్టు బిగించే విస్కస్ ఫ్యాన్ ఉంటే, ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపేసి, తాళం తీసేసి, రెక్కని చేత్తో తిప్పండి. కాస్త బిగువుగా కదలాలి. గిర్రున తిరిగిపోతుంటే దాని పని అయిపోయినట్టే. హోసులు, థర్మోస్టాట్, బెల్టులు ఎప్పుడు మార్చారో తెలియకపోతే కొత్తవి వేసేయండి. తీసిన బెల్టు ఇంకా బాగుంటే పారేయకుండా బండిలో స్పేర్‌గా పెట్టుకోండి.

ఇప్పుడు అందరూ మర్చిపోయే ఒక చిన్న భాగం చూపిస్తాను. వెనక డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే చక్రాలకి శక్తి పంచే గేర్లున్న డబ్బా, దాని మీద ఈ చిన్న మూత ఉంది చూశారా, ఇది బ్రీదర్. బండి నడుస్తుంటే లోపల ఆయిల్, గాలి వేడెక్కుతాయి, గాలి వ్యాకోచించి ఇక్కడి నుంచే బయటికి పోతుంది. అలా వేడి మీదున్న హౌసింగ్‌ని తీసుకెళ్లి ఒక్కసారిగా వాగులో దింపారనుకోండి, లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి నుంచి పీల్చుకోవాలని చూస్తుంది. బయట ఉన్నది నీళ్లు. అవి ఈ బ్రీదర్ గుండానో, అరిగిన సీల్ పక్కనుంచో లోపలికి వెళ్లి ఆయిల్‌తో కలిసిపోతాయి, ఆయిల్ పాలలాగా తెల్లబడుతుంది, ఆ తర్వాత బేరింగులు, గేర్లు ఎక్కువకాలం నిలవవు. దీనికి ఒక రబ్బరు ట్యూబు తగిలించి ఇంజిన్ బే పైభాగం దాకా తీసుకెళ్తే సరిపోతుంది. పెద్ద ఖర్చు కాదు, ఒక పూట పని. ముందు ఆక్సిల్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె), వీటికీ అలాగే చేసి, ఆయిళ్లన్నీ ఒకేసారి మార్చేయండి. బ్రేక్ ఆయిల్ కూడా, ఎందుకంటే అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది.

టైర్లు. పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడులు ఎంత లోతుగా ఉన్నా, టైరుకి పదేళ్లు దాటితే నమ్మకండి. స్టెప్నీ తేదీ తప్పకుండా చూడండి, దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ కిందికి దింపి ఉండరు.

సరే, బండి గట్టిపడింది. ఇక సామాను. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను: మీరు పెట్టే ప్రతి వస్తువూ కిలోల్లో రాసుకోండి. డోరు పక్కన ప్లేటు మీదో, మాన్యువల్‌లోనో బండి మోయగల మొత్తం బరువు ఉంటుంది, అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మనకి మిగిలేది. మనుషులు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఇద్దరు మనుషులు 150 కిలోలు, ఇనుప బంపరూ వించూ కలిపి 90, టెంటు 60, వెనక క్యానపీ (తొట్టి మీది కప్పు) 80, డ్రాయర్లు 60, నలభై లీటర్ల నీళ్లు 40, నలభై లీటర్ల డీజిల్ దాదాపు 34. అప్పుడే 514 అయింది, ఫ్రిజ్జూ బ్యాటరీ పానాలూ బట్టలూ తిండీ ఇంకా ఎక్కనే లేదు!

ఎంత బరువు అన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ పెడుతున్నాం అన్నదీ అంతే ముఖ్యం. వెనక చక్రం దాటి చివర్లో వేలాడే బరువు మీటలా పనిచేస్తుంది, వెనక కమాన్ల మీద దాని అసలు బరువు కంటే ఎక్కువ పడుతుంది, ముందు చక్రాల మీది బరువుని పైకి లేపుతుంది, స్టీరింగ్ తేలికైపోతుంది. క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య ఛాసిస్ వంగడం, పగలడం ఎక్కువగా ఇలాంటి బండ్లలోనే చూస్తాం. కాబట్టి నీళ్లు, బ్యాటరీ, పానాల పెట్టె క్యాబిన్ వెనక గోడకి ఆనించి, కిందగా పెట్టండి. తేలికైన పరుపులూ బట్టలూ చివరికి. కమాన్లు కుంగి ఉంటే మీ స్థిరమైన బరువుకి సరిపడా కొత్త కట్టలు వేయించండి, కమాన్లకి తోడుగా పెట్టే గాలి సంచులు, అదే ఎయిర్ బ్యాగులు పెట్టి ఎక్కువ బరువు మోయించొచ్చు అనుకోవద్దు, అవి ఎత్తు పెంచుతాయి గానీ బండి సామర్థ్యాన్ని పెంచవు.

కరెంటు పని. ఫ్రిజ్జుకి రెండో బ్యాటరీ పెట్టుకుంటే ఉదయాన్నే బండి స్టార్ట్ అవుతుందా లేదా అనే టెన్షన్ ఉండదు. ఫ్రిజ్ నడవట్లేదని బాధపడే చాలామందికి అసలు సమస్య సన్న వైరు. లెక్క చూడండి: ఫ్రిజ్జు 5 ఆంపియర్లు లాగుతుంది, బ్యాటరీ నుంచి 5 మీటర్ల దూరం, అంటే పోనూ రానూ 10 మీటర్ల వైరు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరైతే దారిలోనే 0.86 వోల్టులు పోతాయి. బ్యాటరీలో 12.2 ఉన్నా ఫ్రిజ్జుకి చేరేది 11.3, అది బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోవచ్చు. 6 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 0.15 లోపే. ఫ్యూజు మాత్రం ఫ్రిజ్జు దగ్గర కాదు, బ్యాటరీ పాజిటివ్‌కి వీలైనంత దగ్గర, ఎందుకంటే మంటల నుంచి మనం కాపాడేది మధ్యలో ఉన్న ఆ వైరుని.

బండి దిగబడితే బయటికి లాగడానికి ముందూ వెనకా ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన రేటెడ్ పాయింట్లు, అంటే ఎంత లాగుడు తట్టుకుంటాయో లెక్కగట్టిన కొక్కాలు, ఉండాలి. ట్రెయిలర్ తగిలించే టో బాల్‌కి మాత్రం తాడు ఎప్పుడూ కట్టకండి. అది విరిగితే తూటాలా వస్తుంది, మనుషులు చనిపోయారు. లాగేటప్పుడు అందరూ దూరంగా నిలబడాలి, ఇందులో మొహమాటాలు వద్దు. వించ్ కంటే ముందు పార, రెండు రికవరీ బోర్డులు (దిగబడిన చక్రం కింద పెట్టే పలకలు), మంచి గాలి కంప్రెసర్ కొనండి. ఇసుకలో టైరు గాలి 18 పీఎస్ఐ దాకా దించి నెమ్మదిగా పోనిస్తే చాలాసార్లు లాగాల్సిన అవసరమే రాదు. గట్టి నేల రాగానే మళ్లీ నింపేయండి.

అన్నీ ఎక్కించాక, ట్యాంకు నిండుగా, మనుషులు కూర్చుని ఉండగా, వే బ్రిడ్జి మీద ముందు ఆక్సిల్, వెనక ఆక్సిల్ విడివిడిగా తూయించండి. ప్లేటు మీది అంకె దాటితే ఏదో ఒకటి దించాల్సిందే. ఆ తర్వాత అదే బరువుతో దగ్గర్లోనే ఒక రాత్రి ఉండి రండి. కొత్త కమాన్లు వేయించిన వాళ్లు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కమాన్లని ఆక్సిల్‌కి పట్టి ఉంచే యు బోల్టుల్ని టార్క్ పానాతో (బిగుతు కొలిచే పానా) మళ్లీ బిగించండి, కొత్తల్లో అవి కచ్చితంగా కాస్త వదులవుతాయి.