అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తుందో తెలీట్లేదా? కొత్త హెడ్‌సెట్ కొనేముందు విండోస్‌లో ఇవి మార్చి చూడండి

హాయ్ అందరికీ. వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడుతున్నారు, టీమ్‌లో మీరొక్కరే మిగిలారు, అడుగుల చప్పుడు క్లియర్‌గానే వినిపిస్తుంది కానీ అది ముందు నుంచా వెనక నుంచా అర్థం కాదు, మీరు ఒకవైపు తిరిగేలోపు శత్రువు ఇంకోవైపు నుంచి వేసేస్తాడు. అప్పుడు టీమ్ వాళ్లు "బ్రో వినపడలేదా" అంటారు. వినపడింది, ఎటో తెలీలేదు, బాధంతా అక్కడే. ఇలా జరిగిన ప్రతిసారీ హెడ్‌సెట్ మీద అనుమానం వచ్చి ఇంకో రెండు మూడు వేలు పెట్టి కొత్తది కొనేద్దాం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ డబ్బులు ఇంకా ఖర్చు పెట్టకండి. ఎక్కువసార్లు తప్పు హెడ్‌సెట్‌ది కాదు, కంప్యూటర్‌లో ఒకే పని రెండు మూడు చోట్ల ఆన్ అయి ఉంటుంది, ఈ వీడియోలో ఎక్కువ టైమ్ దాని మీదే పెడతాను.

నేను చూపించేది విండోస్ 11లో, 10లో కూడా దాదాపు ఇవే ఉంటాయి, ఉండే చోటు కొంచెం మారుతుంది.

ముందు వైర్ సంగతి తొందరగా చెప్పేస్తా. మీ హెడ్‌సెట్ పిన్ చూడండి, దాని మీద నల్ల గీతలు రెండుంటే అందులో మైక్ లేదు, మూడుంటే సౌండు మైకు రెండూ ఒకే పిన్‌లో వస్తున్నాయన్నమాట. ల్యాప్‌టాప్‌లో ఒకటే జాక్ ఉంటుంది కాబట్టి మూడు గీతల పిన్ నేరుగా పెట్టేస్తే సరిపోతుంది. డెస్క్‌టాప్‌లో మాత్రం చాలావాటికి సౌండుకి ఆకుపచ్చది ఒకటి, మైకుకి గులాబీ రంగుది ఒకటి విడివిడిగా ఉంటాయి, ఆ ఆకుపచ్చ దాంట్లో మూడు గీతల పిన్ పెట్టి "మైక్ పనిచేయట్లేదు అన్నా" అంటే ఎలా పనిచేస్తుంది, దానికి వై ఆకారంలో ఉండే స్ప్లిటర్ కేబుల్ కావాలి. హెడ్‌సెట్ డబ్బాలోనే ఇస్తారు చాలాసార్లు, పారేయకుండా వెతకండి. యూఎస్‌బీ హెడ్‌సెట్ అయినా, చిన్న డాంగిల్‌తో వచ్చే వైర్‌లెస్ అయినా ఈ గొడవే లేదు.

[స్క్రీన్ మీద: సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్]

ఇప్పుడు సెట్టింగ్స్ ఓపెన్ చేసి సిస్టమ్, అందులో సౌండ్. పైన అవుట్‌పుట్ దగ్గర మీ హెడ్‌సెట్ సెలెక్ట్ అయి ఉందా చూడండి, మానిటర్‌కి స్పీకర్లు ఉంటే హెచ్‌డీఎంఐ పెట్టగానే సౌండ్ దానికి వెళ్లిపోవడం మామూలే. గేమ్ మధ్యలో మార్చాల్సి వస్తే విండోస్ కీ, కంట్రోల్, వి మూడూ కలిపి నొక్కండి, కొత్త వెర్షన్లలో అవుట్‌పుట్ లిస్ట్ పక్కన వచ్చేస్తుంది. ఈ షార్ట్‌కట్ గుర్తుపెట్టుకోండి, చాలా పనికొస్తుంది.

అక్కడే హెడ్‌సెట్ పేరు మీద క్లిక్ చేస్తే దాని ప్రాపర్టీస్ పేజీ వస్తుంది, మనకి కావాల్సిందంతా దాదాపు ఇక్కడే ఉంది. లెఫ్ట్ ఛానెల్, రైట్ ఛానెల్ అని రెండు స్లైడర్లు ఉంటాయి, రెండూ ఒకే నంబర్ మీద ఉండాలి, ఒకటి 100 ఒకటి 80 ఉంటే మధ్యలో ఉన్న శత్రువు కూడా పక్కకి జరిగినట్టు వినిపిస్తాడు. ఫార్మాట్ దగ్గర 24 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టేసి వదిలేయండి, 192000 కనిపించింది కదా అని అది పెడితే అడుగులేమీ ఎక్కువ వినపడవు. ఒకసారి యాక్సెసబిలిటీలోకి వెళ్లి ఆడియో చూడండి, మోనో ఆడియో అనేది ఆన్‌లో ఉంటే కుడి ఎడమ రెండూ కలిపేసి ఒకటే చేసేస్తుంది, అప్పుడు ఎన్ని వేల హెడ్‌సెట్ అయినా దిక్కు తెలీదు. ఒక చెవితోనే వినేవాళ్లకి అది చాలా అవసరమైన ఆప్షన్, మిగతావాళ్లు ఆఫ్‌లో ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఇక అసలు విషయం. స్పేషియల్ సౌండ్, అంటే శబ్దం మన చుట్టూ ఏదో ఒక దిక్కు నుంచి వస్తున్నట్టు వినిపించేలా చేయడం.

ఇది అర్థం కావాలంటే మన చెవులు దిక్కు ఎలా కనిపెడతాయో తెలియాలి. కుడివైపు చప్పుడైతే అది కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి ఒక సెకనులో వెయ్యో వంతు కంటే కూడా తక్కువ తేడాతో తర్వాత చేరుతుంది, మధ్యలో తల అడ్డం కాబట్టి కొంచెం తగ్గి చేరుతుంది. మెదడు ఈ తేడా పట్టుకుని కుడివైపు అంటుంది. మరి ముందు, వెనక? అప్పుడు రెండు చెవులకీ ఒకేసారి చేరుతుంది కదా. అక్కడ పని చేసేది మన చెవి డొప్ప ఆకారం, దాని మడతల్లో తగిలి లోపలికి వెళ్లేటప్పుడు ముందు నుంచి వచ్చిన శబ్దం ఒకలాగ, వెనక నుంచి వచ్చింది ఇంకోలాగ మారుతుంది, పుట్టినప్పటి నుంచి వింటున్నాం కాబట్టి మెదడుకి ఆ తేడా అలవాటు. గేమ్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని ఆప్షన్ ఉంటుంది చూడండి, అది చేసేది ఇదే, తల వల్ల చెవి వల్ల శబ్దంలో వచ్చే ఆ మార్పుని లెక్క కట్టి ముందే సౌండ్‌లో కలిపి హెడ్‌సెట్‌కి పంపిస్తుంది, అందుకే ఉన్నవి రెండు స్పీకర్లే అయినా వెనక ఎవరో నడుస్తున్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు చూడండి ఏం జరుగుతుందో. వాలరెంట్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్ చేశారు, గేమ్ ఆ లెక్కంతా కట్టి పంపించింది. మధ్యలో విండోస్ సొంత స్పేషియల్ సౌండ్, విండోస్ సోనిక్ ఫర్ హెడ్‌ఫోన్స్ అనేది, ఆన్‌లో ఉంది, అది ఈ సౌండ్‌ని మీ ముందు కుడి ఎడమల్లో పెట్టిన రెండు స్పీకర్ల నుంచి వస్తున్నట్టు తీసుకుని మళ్లీ అదే లెక్క కడుతుంది. దానిపైన హెడ్‌సెట్ కంపెనీ సాఫ్ట్‌వేర్, లాజిటెక్ వాళ్ల జీ హబ్ కావచ్చు రేజర్ వాళ్ల సినాప్స్ కావచ్చు, అందులో వర్చువల్ 7.1, అంటే చుట్టూ ఏడు స్పీకర్లు, ఒక బేస్ స్పీకర్ ఉన్నట్టు వినిపించే సరౌండ్ ఆన్‌లో ఉంటే అదింకోసారి. ఉప్పు వేసిన కూరలో ఇంట్లో ముగ్గురూ ఒకరికి తెలీకుండా ఒకరు మళ్లీ ఉప్పు వేసినట్టే. వెనక నుంచి రావాల్సిన అడుగులకి ముందు నుంచి వచ్చినట్టు రంగు పడిపోద్ది, ఏదో పెద్ద హాల్లో ఉన్నట్టు డబ్బా సౌండ్ వస్తుంది, సినిమా చూడ్డానికి బాగుందనిపిస్తుంది కానీ దిక్కు మాత్రం పోతుంది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, దిక్కు లెక్క కట్టే పని ఎవరో ఒక్కరికే ఇవ్వండి. గేమ్‌లో హెడ్‌ఫోన్స్ కోసం సొంతంగా హెచ్‌ఆర్‌టీఎఫ్ ఉంటే ఆ పని గేమ్‌కే ఇవ్వండి, ఎందుకంటే శత్రువు ఎక్కడ నిలబడ్డాడో ఖచ్చితంగా తెలిసింది దానికే. వాలరెంట్ అయితే ఆడియో సెట్టింగ్స్‌లో స్పీకర్ కాన్ఫిగరేషన్ స్టీరియో, హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్, ఇటు విండోస్‌లో స్పేషియల్ సౌండ్ ఆఫ్, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో సరౌండ్ ఆఫ్. కౌంటర్ స్ట్రైక్ 2 కూడా సొంతంగానే చేసుకుంటుంది కాబట్టి అక్కడా అంతే.

అలాగని విండోస్ సోనిక్ పనికిరాదు అనట్లేదు. కథ ఉన్న సింగిల్ ప్లేయర్ గేమ్స్ చాలావాటిల్లో హెడ్‌ఫోన్ల కోసం ప్రత్యేకంగా ఏమీ ఉండదు, 5.1, 7.1 స్పీకర్లకి తగ్గట్టు సౌండ్ పంపిస్తాయి, అప్పుడు విండోస్ సోనిక్ ఆన్ చేస్తే ఆ ఛానెళ్లన్నిటినీ రెండు చెవులకి సర్దుతుంది, బాగుంటుంది, పైగా ఫ్రీ. ఇలాంటి పనే చేసే డాల్బీ అట్మాస్ కావాలంటే డాల్బీ యాక్సెస్ యాప్ వేసుకుని డబ్బులు కట్టాలి, ట్రయల్ ఇస్తే ముందు అది వాడి చూడండి. అందరి చెవులూ ఒకలా ఉండవు కాబట్టి మీ ఫ్రెండ్‌కి అద్భుతంగా అనిపించింది మీకు అనిపించకపోవచ్చు, అందులో తప్పేం లేదు.

చెక్ చేసుకోవడం ఎలా అంటే, ఒక ఫ్రెండ్‌ని పిలిచి కస్టమ్ గేమ్ పెట్టండి. మీరు ఒక చోట నిలబడి కళ్లు మూసుకోండి, అతన్ని మీ చుట్టూ పరిగెత్తమనండి, వాలరెంట్‌లో షిఫ్ట్ పట్టుకుని నడిస్తే చప్పుడు రాదు కాబట్టి పరుగే. అడుగులు ఆగినప్పుడు ఎటున్నాడో వేలితో చూపించి కళ్లు తెరవండి. అన్నీ ఆఫ్ చేసి ఒకసారి, ఒక్కోటీ ఆన్ చేసి ఒకసారి. ఎవరి రివ్యూ కన్నా ఇది నమ్మండి, నా మాట కన్నా కూడా. అన్నట్టు హెడ్‌సెట్ తిరగేసి పెట్టుకోలేదు కదా, ఎల్, ఆర్ చూసుకోండి, మైక్ ఎక్కువ మోడల్స్‌లో ఎడమవైపే ఉంటుంది.

అదే ప్రాపర్టీస్ పేజీలో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటుంది, ఆఫ్ చేయండి. అందులో కొన్ని ఆడియో డ్రైవర్లలో (సౌండ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అని వస్తుంది, దీని గురించి చాలామంది అడుగుతారు, చిన్న శబ్దాల్ని పెంచి పెద్ద శబ్దాల్ని తగ్గిస్తుంది కాబట్టి అడుగులు పెద్దగా వినిపిస్తాయి, నిజమే. కానీ దూరంగా ఉన్నాడా దగ్గరున్నాడా అనేది మనం ఎక్కువగా శబ్దం సైజుని బట్టే కదా అంచనా వేసేది, అదే పోతుంది. నా ఓటు ఆఫ్‌కే. బేస్ బూస్ట్ కూడా అంతే, బాంబు పేలినప్పుడు గుండె అదిరితే మజానే, కానీ పెద్ద బేస్ శబ్దం దానికన్నా పైనుండే చిన్న శబ్దాల్ని కప్పేస్తుంది, అడుగులు కావాలంటే బేస్ తగ్గించాల్సిందే.

[స్క్రీన్ మీద: మోర్ సౌండ్ సెట్టింగ్స్, కమ్యూనికేషన్స్ ట్యాబ్]

ఆడుతూ మాట్లాడుకోవడానికి డిస్కార్డ్ యాప్ వాడుతూ "డిస్కార్డ్‌లో కాల్ కలవగానే గేమ్ సౌండ్ తగ్గిపోతుంది" అనేవాళ్లకి ఇది. సౌండ్ పేజీలో కింద మోర్ సౌండ్ సెట్టింగ్స్ నొక్కితే పాత విండో వస్తుంది, అందులో చివర కమ్యూనికేషన్స్ ట్యాబ్. విండోస్ మామూలుగా ఎవరైనా కాల్‌లో ఉన్నారనుకుంటే మిగతా సౌండ్లన్నీ 80% తగ్గించేలా పెట్టి ఉంటుంది. డూ నథింగ్ పెట్టి అప్లై కొట్టండి. డిస్కార్డ్‌లో వాయిస్ అండ్ వీడియో సెట్టింగ్స్‌లో అటెన్యుయేషన్ అని ఇలాంటిదే ఇంకోటి ఉంటుంది, దాన్ని సున్నాకి లాగేయండి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో ఆడేవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా వినండి. పాటలు వింటే సూపర్‌గా ఉంటుంది, గేమ్‌లో వాయిస్ ఆన్ చేయగానే పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా అయిపోద్ది, బడ్స్ పాడయ్యాయేమో అనుకుంటారు. పాడవలేదు. మామూలు బ్లూటూత్‌లో మంచి స్టీరియో సౌండ్ పంపే పద్ధతి ఒకటి, మైక్‌తో కలిపి కాల్ మాట్లాడే పద్ధతి ఇంకోటి, మైక్ వాడగానే రెండోదానికి మారిపోతుంది, అందులో స్టీరియో లేదు. దిక్కు సంగతి ఇంక మర్చిపోవాలి. దీనికి దారి ఏంటంటే సౌండ్ బడ్స్‌లో వినండి, ఇన్‌పుట్ మాత్రం ల్యాప్‌టాప్ మైక్ పెట్టండి, విండోస్‌లోనూ డిస్కార్డ్‌లోనూ గేమ్‌లోనూ మూడు చోట్లా. బడ్స్ మైక్ ఎవరూ ముట్టుకోకపోతే స్టీరియో అలాగే ఉంటుంది. సౌండ్ లేటుగా రావడం మాత్రం పూర్తిగా పోదు, సీరియస్‌గా ఆడేవాళ్లయితే వైర్ కానీ 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ ఉన్నది కానీ తీసుకోండి.

ఇక మైక్. మీ గొంతు మీకు వినపడదు, భరించేది టీమ్‌లో మిగతా నలుగురు, కాబట్టి వాళ్ల కోసమైనా ఇది చేయండి. మైక్ అసలే రాకపోతే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో మైక్రోఫోన్ ఓపెన్ చేసి డెస్క్‌టాప్ యాప్స్‌కి పర్మిషన్ ఆన్‌లో ఉందా చూడండి. వాయిస్ చిన్నగా వస్తుందని అందరూ చేసే పని మైక్ బూస్ట్ 30 డెసిబుల్స్ పెట్టేయడం. అప్పుడు మీ గొంతుతో పాటు సీలింగ్ ఫ్యాన్, వంటింట్లో కుక్కర్ విజిల్, బయట కూరగాయల బండి మైకు అన్నీ పెరుగుతాయి. బూస్ట్ సున్నా కానీ 10 కానీ పెట్టి మైక్ లెవెల్ 80, 90 దాకా తీసుకెళ్లండి, మైక్‌ని పెదాల పక్కకి రెండు వేళ్ల దూరంలో తెచ్చుకోండి, నోటికి ఎదురుగా పెడితే ఊపిరి తగిలి బుస్ బుస్ మంటుంది. ఫ్యాన్ ఆపమని నేను చెప్పను, మే నెలలో ఎవరు ఆపుతారు, డిస్కార్డ్‌లో నాయిస్ సప్రెషన్ అని చుట్టుపక్కల మోత తీసేసే ఆప్షన్ ఉంటుంది, అందులో క్రిస్ప్ పెట్టండి, ఫ్యాన్ మోత చాలావరకు పోతుంది.

ఛార్జర్ పెట్టినప్పుడే గుయ్ మని వస్తుందా? ఛార్జర్ తీసేసి చూడండి, ఆగిపోతే అది సెట్టింగ్స్‌తో పోయేది కాదు, కరెంటు వైపు నుంచి వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి వాడుతుంటే అది తీసేసి ఎర్తింగ్ ఉన్న సాకెట్‌లో పెట్టండి. ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించడం ఒంటికి కూడా మంచిది. అప్పటికీ పోకపోతే తక్కువ ధరలో దొరికే యూఎస్‌బీ సౌండ్ కార్డ్ ఒకటి పెట్టి చూడొచ్చు.

వాల్యూమ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అడుగులు వినపడట్లేదని అందరూ ముందు పెంచేది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబుల్స్ దగ్గర వారానికి 40 గంటల దాకా వినొచ్చు, అదే 90 అయితే వారానికి 4 గంటలే. పది డెసిబుల్స్‌కే పదో వంతు అయిపోయింది చూడండి. పిల్లలకి ఇంకా తక్కువ, 40 గంటలకి 75 డెసిబుల్సే. ఆట అయ్యాక చెవిలో కీ మని మోగుతుంటే అది ఎక్కువైందని అర్థం. పైన చెప్పినట్టు బేస్ తగ్గించి డబుల్ సరౌండ్ తీసేస్తే తక్కువ వాల్యూమ్‌లోనే అడుగులు తెలుస్తాయి, ఆ తేడా మీరే గమనిస్తారు.

చివరగా, పెద్ద విండోస్ అప్‌డేట్ వచ్చినా, ఆడియో డ్రైవర్ మారినా, హెడ్‌సెట్‌ని వేరే యూఎస్‌బీ పోర్ట్‌లో పెట్టినా విండోస్ దాన్ని కొత్త డివైస్ అనుకుని సెట్టింగ్స్ మొదటికి తెచ్చే అవకాశం ఉంది. కాబట్టి ఎప్పుడూ ఒకే పోర్ట్ వాడండి, సడెన్‌గా సౌండ్ తేడాగా అనిపిస్తే ముందు స్పేషియల్ సౌండ్, ఎన్‌హాన్స్‌మెంట్స్ ఈ రెండూ తెరిచి చూడండి. మీ హెడ్‌సెట్ మోడల్, ఆడే గేమ్ పేరు కామెంట్‌లో పెడితే దానికి ఏది ఆన్ ఉంచాలో ఏది ఆపాలో రిప్లై ఇస్తాను.