వేడికి అడ్డుపడ్డ గరుకు తీగ

నమస్కారం. సిలికాన్ అనగానే మనకు చిప్పులు, సౌరఫలకాలు గుర్తొస్తాయి. వేడి నుంచి నేరుగా కరెంటు తీయమంటే మాత్రం దానంత పనికిమాలిన పదార్థం లేదు. మరి 2008 జనవరిలో నేచర్ పత్రిక ఒకే సంచికలో సిలికాన్ నానోతీగల (కంటికి కనపడనంత సన్నటి తీగల) మీద రెండు పరిశోధన పత్రాలు ఎందుకు వేసింది?

సిలికాన్ లాంటి అర్ధవాహకం ముక్కకు ఒక కొసను వేడి చేసి, రెండో కొసను చల్లగా ఉంచితే మధ్యలో వోల్టేజి పుడుతుంది. 1821లో సీబెక్ రెండు లోహాలతో బయటపెట్టిన ప్రభావమే ఇది. ఆయన దాన్ని అయస్కాంతత్వం అనుకున్నాడు, అది వేరే కథ. ఇందుకు పనికొచ్చే పదార్థంలో కరెంటు బాగా పారాలి, వేడి పారకూడదు. వేడి అవతలి కొసకు చేరిపోతే ఇక తేడా ఎక్కడిది? ఈ గుణాలన్నీ కలిపి చెప్పే సంఖ్య జడ్‌టీ, అది ఎంత ఎక్కువైతే అంత మేలు. గది ఉష్ణోగ్రత దగ్గర, ఈ పనికి మామూలుగా వాడే బిస్మత్ టెల్యురైడ్‌కు అది దాదాపు 1, మామూలు సిలికాన్‌కు 0.01.

కారణం ఒక్కటే. సిలికాన్‌లో వేడి జోరుగా పారుతుంది. దాని ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు సుమారు 150 వాట్లు. అయితే అందులో కరెంటును మోసేవి ఎలక్ట్రాన్లు. వేడిని మోసేవి ముఖ్యంగా స్ఫటికంలోని పరమాణువుల కంపనాలు, అంటే ఫోనాన్లు. ఆ ఫోనాన్లలో చాలావాటికి వందల నానోమీటర్లు (మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు) సాగితే తప్ప ఏదీ తగలదు. ఎలక్ట్రాన్లు అంతకంటే చాలా ముందే దేనికో ఒకదానికి గుద్దుకుంటాయి. అందుకే తీగను సన్నగా చేస్తే ఎక్కువ దెబ్బ ఫోనాన్లకే.

అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పైడాంగ్ యాంగ్, అరుణ్ మజుందార్ బృందం సన్నదనంతో ఆగలేదు. సిల్వర్ నైట్రేట్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిసిన ద్రావణంలో సిలికాన్ పలకను ముంచి తీగలు తీశారు. (ఆ ఆమ్లం చర్మంలోంచి ఎముకదాకా పోతుంది, ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి.) అలా చెక్కిన తీగల ఒళ్లంతా గరుకు, కొన్ని నానోమీటర్ల ఎగుడుదిగుడులు. అంతకుముందు పెంచిన నున్నటి తీగల్లో, దాదాపు అదే మందానికి, ఉష్ణవాహకత 25 దగ్గర ఉంది. సుమారు 50 నానోమీటర్ల ఈ గరుకు తీగలో అది 1.6కు పడిపోయింది! స్ఫటికం చెక్కుచెదరలేదు, వేడి మాత్రం పరమాణువులకు వరస లేని గాజులాంటి సిలికాన్‌లో పారినంత నెమ్మదిగా పారింది. ఉపరితలానికి తగిలి ఫోనాన్లు చెదురుతాయనే సాదా లెక్కకు ఇంత పతనం అందదు. నన్ను ఆకట్టుకున్నది ఇదే. జడ్‌టీ 0.6కు చేరింది.

రెండో పత్రం అమెరికాలోనే మరో విద్యాసంస్థ కాల్టెక్‌లో జేమ్స్ హీత్ బృందానిది. ఇంకా సన్నటి తీగల్లో 200 కెల్విన్ దగ్గర జడ్‌టీ 1 దాకా వచ్చింది. అంటే మైనస్ 73 డిగ్రీల చలిలో.

ఆ 0.6ను చూసి మార్కెట్ లెక్కలు వేయకండి. ఆ ఉష్ణవాహకత రెండు సూక్ష్మఫలకాల మధ్య వేలాడదీసిన ఒంటరి తీగలో కొలిచింది. పరికరం కావాలంటే కోట్ల తీగలు ఒక్కుమ్మడిగా పనిచేయాలి, ప్రతి తీగ కొసకూ మంచి విద్యుత్ సంధి కుదరాలి. ఆ సంధుల దగ్గరే లాభం కరిగిపోవచ్చు. 2010లో యాంగ్ బృందమే తీగలు పక్కనపెట్టి, పలుచటి సిలికాన్ పొరకు దగ్గరదగ్గరగా నానో రంధ్రాలు పొడిచి చూసింది. జడ్‌టీ 0.4 వచ్చింది. సంఖ్య తగ్గినా నా ఓటు ఆ పొరకే, ఎందుకంటే అది ఒకే ముక్కగా చేతికొస్తుంది.