తొక్కిసలాట అంటాం కానీ, ఆగిపోయేది ఊపిరి

నమస్తే అన్నా, నమస్తే అక్కా. కడప నుంచి మాట్లాడుతున్నాను.

మూడేళ్ల కిందట ఇక్కడే ఒక తిరునాళ్లలో, తేరు కదిలే సమయానికి సందులో ఇరుక్కుపోయాను. ఎవరూ పరిగెత్తలేదు, ఎవరూ కొట్లాడలేదు. అయినా నా కాళ్లు నేలకు ఆనడం లేదు. జనం ఎటు ఊగితే నేనూ అటే. గాలి పీల్చుకుందామంటే రొమ్ము లేవడం లేదు. పక్కనున్న పెద్దాయన ఒకరు, ఎవరి బిడ్డో ఏమో, ఒక పిల్లను తలకు పైకెత్తి ముందువాళ్లకు అందించాడు. ఆ పిల్ల చేతులు మారుతూ మారుతూ ఒక ఇంటి అరుగు మీదికి చేరింది.

అప్పటి నుంచి తొక్కిసలాట అనే మాట వింటే బాధేస్తుంది. ఆ మాటతో నేరమంతా జనం కాళ్ల మీదే వేస్తున్నాం. ఇలాంటి చోట ఎక్కువమంది పోయేది ఊపిరాడక, చాలాసార్లు నిలబడినవాళ్లు నిలబడినట్టే. చదరపు మీటరుకు ఐదారుగురు దాటితే మన ఒళ్లు మన చేతిలో ఉండదు. వెనకవాళ్లకు ముందర ఏం జరుగుతోందో కనపడదు. కాస్త సందు దొరికిందనుకుని ఒక్క అడుగు వేస్తారు, అంతే. వందలమంది వేసిన ఆ ఒక్కో అడుగు బరువూ ముందరివాళ్ల రొమ్ము మీద పడుతుంది. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 27 మంది పోయారు. పుణ్యస్నానానికి వచ్చినవాళ్లు వాళ్లు.

గుంపులో కలిస్తే మనిషికి బుద్ధి పోతుందని 1895లోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె బాన్ రాశాడు. ఆ మాటే ఇంకా నమ్ముతున్నాం. కానీ 2005 జూలై 7న లండన్ రైళ్లలో బాంబులు పేలినప్పుడు జరిగింది వేరు. బతికి బయటపడినవాళ్లు ఏం చెప్పారో జాన్ డ్రూరీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు సేకరించారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరినొకరు ఓదార్చుకున్నారు, నీళ్లు పంచుకున్నారు. ఆపదే వాళ్లను ‘మనం’ చేసింది. మరి ఆ పెద్దాయనకు ఆ పిల్ల ఏమవుతుంది?

చైత్రంలో ఒంటిమిట్ట రాములవారి కల్యాణం రాత్రిపూట, వెన్నెల్లో జరుగుతుంది. పోయేవాళ్లు వినండి. చెప్పు జారితే పోనీ, వంగొద్దు. చేతులు రొమ్ముకు అడ్డం పెట్టుకోండి. ఎదురు తొయ్యొద్దు, తోపుడు తగ్గినప్పుడల్లా ఏటవాలుగా పక్కకు జరగండి. మీరు వెనక ఉండి, ముందరి జనం కదలడం లేదనిపిస్తే అక్కడే ఆగి, మీ వెనకవాళ్లకు గట్టిగా చెప్పండి: “ఆగండప్పా, ముందర దారి లేదు!”