జూలై 1న పుట్టినవాళ్లందరికీ

తమ్ముడు: రికార్డవుతోందా? ఎర్ర లైటు కనపడట్లేదే.

అక్క: కాఫీ గ్లాసు అడ్డం పెట్టి కనపడట్లేదంటే ఎలా? తియ్యి దాన్ని.

తమ్ముడు: ఆ, ఉంది. నమస్కారం. పోయిన వారం మన పాడ్‌కాస్ట్ విని, కుక్కర్ సంగతి ఏమైందని అడుగుతున్నవాళ్లకు... దాని గురించి ఇక మాట్లాడం.

అక్క: మాట్లాడం. ఇవాళ పిల్లలు, ఫోన్లు. టీనేజీ పిల్లలు ఆన్‌లైన్‌లో జాగ్రత్తగా ఉండేలా మనమేం చెయ్యాలి. అయిదు పాయింట్లు రాసుకొచ్చాను.

తమ్ముడు: నాది ఒకటే. రాత్రిళ్లు ఫోను హాల్లో ఛార్జింగ్ పెట్టాలి.

అక్క: మొదలెట్టాడు.

తమ్ముడు: మన ల్యాండ్‌ఫోను ఎక్కడుండేది? హాల్లో, టీవీ పక్కన. ఎవరికి ఫోనొచ్చినా ఇంటిల్లిపాదీ వినేవాళ్లం.

అక్క: అందుకేగా నేను కాయిన్ బాక్స్ దగ్గరికి వెళ్లేదాన్ని.

తమ్ముడు: ఏంటీ?

అక్క: ఏం లేదు. మొదటి పాయింటు. ఇన్‌స్టాగ్రామ్‌లో టీన్ అకౌంట్లని 2025 ఫిబ్రవరిలో మన దేశానికీ తెచ్చారు. పద్దెనిమిది లోపువాళ్ల అకౌంటు దానంతటదే ప్రైవేటు అవుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు ఉండవు. పదహారు లోపైతే, వీటిని సడలించాలంటే అమ్మో నాన్నో ఒప్పుకోవాలి.

తమ్ముడు: బాగుంది. మన బుజ్జిదానిది అదేగా?

అక్క: కాదు.

తమ్ముడు: అదేం? దానికి పదమూడేగా.

అక్క: ఇన్‌స్టా లెక్కలో దానికి పాతికేళ్లు దగ్గర పడుతున్నాయి.

తమ్ముడు: ఓర్నీ. దొంగ తేదీ వేసేసిందా?

అక్క: అది కాదు. నేనే వేశాను. దానికి పదకొండప్పుడు. డ్యాన్సు క్లాసు వీడియోలన్నీ అందులోనే ఉన్నాయని ఒకటే గొడవ. పదమూడు నిండందే తీసుకోదాయె. ఏళ్లు పైకి తోసుకుంటూ పోయాను, 2001 దగ్గర ఆగింది.

తమ్ముడు: అచ్చం నాన్న బళ్లో హెడ్మాస్టరులా చేశావు కదే!

అక్క: ఇక్కడికి నాన్నెందుకు?

తమ్ముడు: ఎందుకంటావేంటి? నాన్న పుట్టింది కార్తీకమాసం. బళ్లో వేస్తూ చెయ్యి తల మీదుగా తిప్పి అవతలి చెవి పట్టుకోమన్నారు. అందింది. అయిదేళ్లు నిండినట్టే, రాసెయ్, జూలై 1. ఆయన బ్యాచ్‌లో సగం మంది జూలై 1, మిగతా సగం జూన్ 1.

అక్క: చేతులు పొడుగు మనవాళ్లకి.

తమ్ముడు: నవ్వకు. రికార్డులో ఏడాది ఎక్కువ పడింది. 2013లో యాభై ఎనిమిది నిండాయని ఇంటికి పంపారు. అసలు తేదీ ఉంటే 2014 జూన్ దాటేవాడు. ఆంధ్రాలో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంటు అరవైకి పెంచింది అప్పుడేగా. మొత్తం మూడేళ్ల జీతం!

అక్క: ఈ మూడేళ్ల జీతం మన పాడ్‌కాస్ట్‌లో ఎన్నోసారి రా?

తమ్ముడు: ఎన్నోసారైనా జీతం జీతమే. పోనీ ఆ హెడ్మాస్టరుకు ఇలా అవుతుందని తెలీదు. నీకు? ఈ టీన్ అకౌంటు పిల్లకి గొడుగైతే, అది విప్పకుండా నువ్వే కట్టేశావు.

అక్క: అందుకే పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. వారానికోసారి చూస్తాను.

తమ్ముడు: దాని మెసేజ్‌లు చదువుతావా? తప్పు.

అక్క: పిల్లలు లేనివాళ్లు చెప్పడం తేలికే.

తమ్ముడు: ...

అక్క: సరే రా, ఆ మాట అనకూడదు. సారీ.

తమ్ముడు: చదివావుగా. మరి డిసెంబరులో వాడి సంగతి కనపడిందా?

అక్క: ఎవడు?

తమ్ముడు: నీకు చెప్పొచ్చా అని బుజ్జిదాన్ని అడిగే వచ్చాను. డ్యాన్సు మాస్టర్నన్నాడట. మొదటి రోజు మెచ్చుకున్నాడు. రెండో రోజు వాట్సాప్ నంబరు, మూడో రోజు ఫొటో అడిగాడు. ఇది ఇవ్వలేదు. "మావయ్యా, అమ్మకి చెప్పకు" అని నాకు ఫోన్ చేసింది.

అక్క: నాకెందుకు చెప్పలేదు?

తమ్ముడు: ఫోను లాగేసుకుంటావని. ఇంకోటి... వయసు అమ్మే తప్పు వేసింది కదా, పోలీసులు అమ్మనేమైనా అంటారేమోనని.

అక్క: అయ్యో... నువ్వేం చేశావు?

తమ్ముడు: చాట్ చెరపొద్దన్నాను. స్క్రీన్‌షాట్లు తీయించి, ఆ తర్వాతే బ్లాక్ చేయించాను. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. పిల్లల విషయమైతే పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు.

అక్క: డబ్బు పోతే 1930, పిల్లలకి సాయం కావాలంటే 1098. ఇవి నా మూడు, నాలుగు పాయింట్లు. అయిదోది, ఫొటో వెళ్లిపోయినా దారుంది. టేక్ ఇట్ డౌన్ అని ఒక సర్వీసు. పద్దెనిమిది లోపు తీసిన నగ్న ఫొటోలకి. ఫొటో వాళ్లకి పంపక్కర్లేదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. దాన్ని బట్టి ఇన్‌స్టా, స్నాప్‌చాట్ లాంటివి వెతికి తీసేస్తాయి.

తమ్ముడు: రెండోది?

అక్క: రెండోది పిల్లలు మనకి అన్నీ చెప్పుకునేలా ఉండాలని రాసుకున్నాను. చదవను.

తమ్ముడు: పుట్టినరోజు సరిచెయ్యి ముందు.

అక్క: ఈ రాత్రికే. దాని పక్కన కూర్చుని.

తమ్ముడు: హాల్లో కూర్చోండి. ఫోను కూడా అక్కడే ఛార్జింగ్...

అక్క: ఒరేయ్.

తమ్ముడు: అది సరే, కాయిన్ బాక్స్ నుంచి ఎవరికి చేసేదానివి?

అక్క: ఆపెయ్. ఆ ఎర్ర లైటు ఆపెయ్ ముందు.