దావోస్ మాట ముచ్చట

శ్రోతలందరికీ నమస్కారం.

జనవరి వచ్చిందంటే పేపర్లలో దావోస్ పేరు మొదలవుతుంది. స్విట్జర్లాండ్‌లో మంచుకొండల నడుమ ఊరది. ప్రపంచ ఆర్థిక వేదిక సభ జరిగేది అక్కడే. 1971లో ఐరోపా కంపెనీ మేనేజర్ల కోసం పెట్టారు, తర్వాత మంత్రులు, ప్రధానులూ వచ్చి చేరారు. మన తెలంగాణ రాష్ట్రం అక్కడ 2024లో 40 వేల కోట్లకు, 2025లో 1.78 లక్షల కోట్లకు పైగా పెట్టుబడుల ఒప్పందాలు రాసుకున్నది.

ఆ వార్త వచ్చిన రోజు మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతున్నాను. పక్కనున్న పెద్దాయన పేపరు మడిచి అడిగాడు: "గిన్ని కోట్లు వచ్చినయంటున్రు, మా పిలగాడు ఇంకా పూణెలనే ఇటుకలు మోస్తుండె. ఎప్పుడు రమ్మనాలె సారూ?"

"పెద్దయ్యా, పెండ్లికి ముందు మాట ముచ్చట పెట్టుకుంటాం కదా, అక్కడ రాసుకున్న ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం, అదే. పొలం బేరమైతే బయానా ఇంకా పడలేదన్నట్టు" అన్నాను.

ఆయన నవ్వాడు. "మరి మాట ముచ్చటకు గంత దూరం పోవుడెందుకు?"

జవాబు వెంటనే తోచలేదు. బస్సెక్కినంక తోచింది.

అదే దావోస్, 2000 జనవరి. 'గావి' అనే టీకాల కూటమి ఆ సభలోనే మొదలైంది. అప్పటికి ఉన్నవాళ్ల దేశాల పిల్లలకు వేసే కొత్త టీకాలు పేద దేశాలకు అందడం లేదు. కంపెనీనడిగితే, కొనేదెవరు అంటుంది. సర్కారునడిగితే, అంత ధర పెట్టలేం అంటుంది. విడివిడిగా ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. అందుకని సర్కార్లను, టీకా కంపెనీలను, యునిసెఫ్‌ను, ప్రపంచ ఆరోగ్య సంస్థను, ప్రపంచ బ్యాంకును ఒక్క దగ్గర కూర్చోబెట్టారు. గేట్స్ ఫౌండేషన్ అయిదేళ్లకు 75 కోట్ల డాలర్లు ఇస్తామన్నది. చూశారా, ఇక్కడ బయానా పడింది! అందరి తరఫునా కలిపి కొనేసరికి తయారుచేసేవాళ్లు పెరిగారు, వాళ్లలో మన హైదరాబాద్ కంపెనీలూ ఉన్నాయి. అయిదు జబ్బులకు ఒకటే టీకా పెంటావాలెంట్, మొదట్లో డోసు మూడు డాలర్లు దాటేది. 2016లో కుదిరిన కొత్త బేరంతో డాలరు లోపుకు దిగింది. మన దేశంలో 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడుల్లో మొదలై మన దాకా వచ్చింది.

అక్కడ చెప్పే మాటలన్నీ ఇట్లా పండుతాయని నేననను. చలికోట్లేసుకుని పేదరికం గురించి మాట్లాడుతుంటే నాకూ నవ్వొస్తుంది.

కానీ మొన్న బుధవారం దేవరకద్ర దిక్కు మా చెల్లెలి ఊరికి పోయాను. ఏఎన్ఎం, అంటే ఊళ్లో టీకాలు వేసే నర్సమ్మ, టీకాల నీలం డబ్బా మూత తీసింది. ఐస్ ప్యాకుల నడుమ బొటనవేలంత సీసా. చెల్లెలి మనుమరాలికి ఎడమ తొడకు సూది వేసింది. ఒక్క కేక, తర్వాత తల్లి భుజం మీద వెక్కిళ్లు. అది పెంటావాలెంట్ రెండో డోసు.

నెలన్నరకు ఒకటి, రెండున్నర నెలలకు ఒకటి, మూడున్నర నెలలకు ఒకటి. మూడూ పడాలి, మూడూ! మన పాలమూరులో ఆ మూడోది తప్పిపోయే భయం ఉంటుంది, అప్పటికి కొందరు తల్లిదండ్రులు పనికి బయటి ఊళ్లకు పోయి ఉంటారు. ఈ తల్లి కూడా వచ్చే వారం పూణె పోతున్నది. ఏఎన్ఎం కార్డు మీద తేదీ రాసి చేతిలో పెట్టింది: "అక్కడ ఏ సర్కారు దవాఖానకన్న పోయి ఇది చూపియ్యమ్మా, ఏస్తరు. పైస అడగరు."

ఆ తల్లి కార్డును ఆధార్ కార్డులున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరును మూటలో అన్నిటికంటే పైన పెట్టుకున్నది.